నెల్లూరు పాత పేటల్లో కాలినడక: ఏ వీధికి ఏ వేళ

పెళ్లికో, ఆసుపత్రి పనికో, కోర్టు వాయిదాకో నెల్లూరు వచ్చినవాళ్లు తిరిగి వెళ్తూ ఒక మాట అంటుంటారు: "ఊళ్లో చూడటానికి ఏముందండీ, ట్రాఫిక్ తప్ప!" వాళ్ల మాటలో అబద్ధం లేదు. వాళ్లు చూసింది మిట్టమధ్యాహ్నపు ట్రంకు రోడ్డు. ఆ వేళప్పుడు దాన్ని ఊరివాళ్లు కూడా చూడరు. నెత్తిన తువ్వాలు వేసుకుని, ముఖం చిట్లించుకుని దాటేస్తారు. రాత్రి ఏడింటికి వచ్చి ఉంటే ఈ మాట అనేవారు కాదు.

పాత నెల్లూరు మరీ పెద్దదేమీ కాదు. రంగనాయకులపేట, సంతపేట, మూలపేట, పెద్దబజారు, చిన్నబజారు, ట్రంకు రోడ్డు, చివరికి చెరువు గట్టు. మధ్యలో ఒక పూట విశ్రాంతి తీసుకుంటే, ఓపిక ఉన్నవారు ఒక్క రోజులో కాలినడకనే చుట్టిరావచ్చు. చిక్కంతా వేళతోనే. గుడి వీధులకు ఒక వేళ, బజారుకు ఒక వేళ, గట్టుకు ఒక వేళ ఉన్నాయి. ఆ వరుస తప్పితే మీకు మిగిలేవి మూసిన తలుపులు, కాలిన రోడ్లు. అందుకే ఇక్కడ చెప్పేదంతా గడియారాన్ని పట్టుకునే చెబుతున్నాను.

ముందు నెల ఎంచుకోండి

సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు నడకకు మేలైన కాలం. పొద్దున చలి ఉండీ లేనట్టు ఉంటుంది, సాయంత్రం సముద్రపు గాలి తగులుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మాత్రం జాగ్రత్త. ఇక్కడ వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలవి. మిగతా జిల్లాల్లో గొడుగులు అటకెక్కే వేళకు నెల్లూరులో బయటికి వస్తాయి. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వింటే ప్రయాణం వాయిదా వేసుకోండి. ఎందుకంటే రైలు పట్టాలు ఈ నగరాన్ని రెండుగా చీలుస్తాయి. అటు నుంచి ఇటు రావడానికి చాలా చోట్ల అండర్ బ్రిడ్జిలే దారి. గట్టి వాన పడితే ముందు మునిగేవి అవే. మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండు దగ్గరి వంతెనల కింద నీళ్లు నిలిచిన ఫొటోలు ఏటా పత్రికల్లో చూస్తూనే ఉంటాం.

ఇక మే నెల. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెతను పరీక్షించాలనుకునేవారు రావచ్చు. తప్పనిసరైతే ఉదయం ఎనిమిదింటికల్లా మొదటి విడత ముగించి, మళ్లీ సాయంత్రం ఆరింటికి బయలుదేరండి.

రంగనాయకస్వామి బ్రహ్మోత్సవాలు మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో వస్తాయి. ఎండ మొదలైనా, ఉత్సవాల రోజుల్లో రంగనాయకులపేట కళే వేరు కాబట్టి ఆ ఇబ్బంది ఓర్చుకోవచ్చు.

ఊరు చేరడం, దారి అడగడం

మద్రాసు నుంచి వచ్చేవారికి రైల్లో సుమారు 175 కిలోమీటర్లు. హైదరాబాదు వైపు నుంచి వచ్చేవారు సింహపురి ఎక్స్‌ప్రెస్ చూసుకోండి. రాత్రి సికింద్రాబాదులో ఎక్కితే ఉదయం నెల్లూరులో దిగుతారు. విక్రమసింహపురి అన్న ఈ ఊరి పాత పేరు ఇప్పుడు ఎక్కువగా వినిపించేది రైల్వే స్టేషను మైకులోనే. సంచి బరువు ఉంటే లాడ్జిలోనో, స్టేషను క్లోక్ రూములోనో పెట్టేసి బయలుదేరండి. బజారు సందుల్లో భుజాన సంచితో నడిస్తే మీకూ ఇబ్బంది, వెనకాల వచ్చే స్కూటరుకూ ఇబ్బంది.

దారి అడిగేటప్పుడు వీధి పేరు, ఇంటి నంబరు చెప్పి ప్రయోజనం లేదు. సెంటరు పేరు చెప్పాలి. గాంధీబొమ్మ, వి.ఆర్.సి., కనకమహల్, నర్తకి, విజయమహల్ గేటు, మద్రాసు బస్టాండు అంటే ఎవరైనా చెబుతారు. వీటిలో సగం సినిమా హాళ్ల పేర్లు; నెల్లూరువాళ్ల సినిమా పిచ్చికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. మద్రాసు నగరం 1996లో చెన్నై అయింది గానీ, మద్రాసు బస్టాండు మాత్రం మద్రాసు బస్టాండుగానే ఉంది. "చెన్నై బస్టాండు ఎక్కడ?" అని అడిగితే ఆటో డ్రైవరు మిమ్మల్ని ఆర్టీసీ బస్టాండుకు తీసుకెళ్లి చెన్నై బస్సు ఎక్కించే ప్రమాదం ఉంది.

ఆటో వారిని, దుకాణం కుర్రాళ్లను "అన్నా" అనండి. పూలమ్మే ఆమెను "అక్కా" అనండి. అరుగు మీద కూర్చున్న ముసలాయనను "పెద్దాయనా" అని పిలిస్తే దారితో పాటు ఆ వీధి చరిత్ర కూడా చెబుతారు. ఎదుటివారు మిమ్మల్ని "అబ్బయా" అన్నారంటే మాట కలిసినట్టే. ఒక్క విషయం గుర్తుంచుకోండి: "ఇదిగో, ఈ పక్కనే" అన్నారంటే అర కిలోమీటరు. "కొంచెం దూరం" అన్నారంటే ఆటో ఎక్కండి.

తెల్లవారగానే రంగనాయకులపేట

ఆరింటికల్లా ఇక్కడ ఉండాలి. చెప్పులు సులువుగా విడిచి తొడుక్కునేవి వేసుకోండి. లేసుల బూట్లతో వస్తే రోజంతా వంగి లేవడమే సరిపోతుంది.

తల్పగిరి రంగనాథస్వామి ఆలయం పెన్న ఒడ్డునే ఉంది. గాలిగోపురం ఎత్తు 70 అడుగులు. దాని మీద బంగారు పూత పూసిన ఏడు కలశాలు మరో 10 అడుగులు ఉంటాయి. దీన్ని దగ్గరికి వెళ్లి తలెత్తి చూస్తే మెడ నొప్పి తప్ప ఏమీ తెలియదు. వీధిలో నాలుగడుగులు వెనక్కి వచ్చి, పొద్దుటి ఎండ కలశాల మీద పడే వరకు ఆగండి. లోపల శయనించి ఉన్న రంగనాథుడి దర్శనం అయ్యాక అద్దాల మండపం చూడకుండా రావద్దు. ఒక్కరే నడి మధ్యన నిలబడితే చుట్టూ మీరే బారులు తీరి కనిపిస్తారు. పిల్లలను తీసుకొస్తే అక్కడి నుంచి కదిలించడం మీ వల్ల కాదు. ఫొటోల సంగతి ముందు అడిగి తెలుసుకోండి.

గుడి ముందు పూలు కొనేవారికి ఒక కిటుకు. ఇక్కడ మల్లెలైనా, కనకాంబరాలైనా మూర లెక్కన అమ్ముతారు. మూర అంటే మోచేతి నుంచి వేలి కొస దాకా, అదీ అమ్మేవాళ్ల మోచేయి. మీరు మీ చేయి చాపి చూపిస్తే నవ్వుతారే తప్ప కొలత మారదు. దండ కొలిచేటప్పుడు దారాన్ని బిగించి పట్టుకున్నారా, వదులుగా వేశారా అన్నది చూడండి. వదులుగా వేసిన అక్క దగ్గరే కొనండి.

తర్వాత నది వైపు నడవండి. పెన్న ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక తిన్నెల మధ్య పాయలుగా పారుతుంది. డెల్టా పొలాలకు నీళ్లు మళ్లించడానికి బ్రిటిష్ వారి కాలంలో ఇక్కడ ఆనకట్ట కట్టారు. ఇప్పుడు ఆ పని కొత్త బ్యారేజీ చేస్తోంది. 2022లో ప్రారంభమైంది. ఒడ్డున నిలబడి చూడండి గానీ, ఇసుక కనిపించింది కదా అని లోపలికి దిగవద్దు. ఇసుక తవ్విన గుంటలు పైకి కనిపించవు. పైన సోమశిల నుంచి నీళ్లు వదిలితే మట్టం పెరగడం మీకు తెలియను కూడా తెలియదు.

పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉంటూ తిక్కన సోమయాజి ఈ ఊళ్లోనే తిరిగాడు. నన్నయ వదిలిన చోట అరణ్యపర్వాన్ని పక్కన పెట్టి, విరాటపర్వం నుంచి చివరి దాకా పదిహేను పర్వాలను తెలుగు చేశాడు. ఆ రాజ్యం పోయింది, ఆ కోటా పోయింది, పెన్న మిగిలింది. ఇక్కడ పద్యం ఒకటి గుర్తుకొస్తే చదువుకోండి. గుర్తుకు రాకపోతే సిగ్గుపడనక్కర్లేదు, పక్కనే కాఫీ కొట్టు ఉంటుంది.

ఎనిమిదిలోపు మూలపేట

మూలస్థానేశ్వరస్వామి కొలువైన పేట కాబట్టి మూలపేట. శివాలయం ప్రశాంతంగా ఉంటుంది. రంగనాయకుల గుడి దగ్గరి సందడి తర్వాత ఈ నిదానం బాగుంటుంది.

అయితే మూలపేటకు రమ్మంటున్నది మరో గుడి కోసం. ఇక్కడి వేణుగోపాలస్వామి ఆలయంలోకి హరిజనులను రానివ్వాలని పొట్టి శ్రీరాములు 1946లో నిరాహార దీక్ష చేశారు. ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు ఉపవాసం ఉండి 1952 డిసెంబరు 15న కన్నుమూసిన కథ బడి పుస్తకాల్లో చదివిందే. దానికి ఆరేళ్ల ముందు ఈ వీధుల్లో జరిగినది చాలామందికి తెలియదు. నెల్లూరులో ఉన్న ఆ చివరి కాలంలో ఆయన అంటరానితనానికి వ్యతిరేకంగా రాసిన అట్టలు మెడలో వేసుకుని, కాళ్లకు చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా ఎండలో ఊరంతా తిరిగేవారు. జనం ఆయన్ను పిచ్చివాడిగా చూశారు. ఇప్పుడు జిల్లాకు ఆయన పేరే పెట్టుకున్నాం. ఎనిమిదింటి ఎండకే నీడ వెతుక్కునే మనం ఆ వీధిలో ఒక్క నిమిషం ఆగడం న్యాయం.

పాత ఊళ్లోనే తిప్పరాజువారి వీధి కూడా ఉంది. గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కుటుంబం ఉన్న ఇల్లు అక్కడిదే. 2020 ఫిబ్రవరిలో ఆయన ఆ ఇంటిని వేద పాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించారు. ఆ ఏడాది సెప్టెంబరులోనే ఆయన వెళ్లిపోయారు. వెళ్లేవారు బయటి నుంచి చూసి రండి. లోపల పిల్లలు చదువుకునే చోటు అది. తలుపు తట్టి ఫొటో దిగే స్థలం కాదు.

టిఫిను

నడక మధ్యలో తినవలసింది నెల్లూరు కారం దోసె. ఎండుమిరప, ఉల్లి, వెల్లుల్లి కలిపి నూరిన ఎర్ర కారాన్ని పెనం మీదే దోసెంతా పట్టించి, పైన పుట్నాల పొడి చల్లి, నెయ్యి వేసి మడుస్తారు. కారం తక్కువ వేయమని ముందే చెప్పండి. "కొంచెం తక్కువ" అంటే సరిపోదు, ఇక్కడివారి కొంచెం వేరు. వేరుశెనగ చట్నీ ఇంకొకసారి అడిగితే కాదనరు. కూర్చునే హోటలు కన్నా పెనం కనిపించే చోటు మంచిది. ముందు దోసె ఎలా కాలుతుందో చూసి, ఆ తర్వాతే చెప్పవచ్చు.

మహిళలకు ఒక మాట. బజారు సందుల్లో మరుగుదొడ్లు దొరకడం కష్టం. టిఫిను చేసే హోటల్లోనే ఆ పని చూసుకుని బయలుదేరండి.

పదిన్నర నుంచి ఒంటిగంట: బజార్లు

తొమ్మిదింటికి వస్తే షట్టర్లు ఎత్తుతూ, నీళ్లు చల్లుతూ, దేవుడి పటానికి అగరువత్తి తిప్పుతూ ఉంటారు. తొలి బేరం కాకుండా వచ్చి "ఊరికే చూస్తున్నాం" అంటే పైకి ఏమీ అనకపోయినా లోపల నొచ్చుకుంటారు. పదిన్నర దాటాక రండి. పెద్దబజారు, చిన్నబజారు ఒకదాని నుంచి ఒకదానిలోకి జారిపోతాయి. హద్దు ఎక్కడో స్థానికులు కూడా వేలు పెట్టి చూపించలేరు. ఈ మధ్య ప్రాంతంలో మ్యాపు చూసుకుంటూ నడవడం దండగ. ఫోను జేబులో పెట్టి, ట్రంకు రోడ్డు ఏ వైపు ఉందో మాత్రం మనసులో పెట్టుకోండి. ఎంత తప్పిపోయినా ఎవరిని అడిగినా ఆ రోడ్డు మీదికి తోలేస్తారు.

నడిచే పద్ధతి కూడా ఒకటి ఉంది. సందులో ఎడమ వైపునే నడవండి. దుకాణం ముందు ఆగాలనిపిస్తే మెట్టెక్కి ఆగండి. నడి సందులో ఆగితే వెనకాల తోపుడుబండి, దాని వెనక రెండు స్కూటర్లు, వాటి వెనక వీధంతా ఆగిపోతుంది. తోపుడుబండి వారు హారను కొట్టరు. నోటితోనే "జరగండి, జరగండి" అంటూ వస్తారు. ఆ గొంతు వినబడగానే గోడకు ఆనుకోవాలి.

బట్టల కోసం వచ్చినవారు వెంకటగిరి చీర చూపించమనండి. వెంకటగిరి 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాకు వెళ్లిపోయింది గానీ, ఆ చీరకు నెల్లూరు బజారుతో ఉన్న బంధుత్వం తెగలేదు. సన్నని నూలు, జరీ అంచు, ఒంటి మీద బరువు తెలియని నేత. అసలు జాందానీ బుటా (మగ్గం మీదే చేత్తో నేసిన పువ్వు) అయితే వెనక్కి తిప్పి చూసినా దాదాపు అంతే పొందికగా ఉంటుంది. వెనక పోగులు వేలాడుతుంటే ధర విషయం మళ్లీ మాట్లాడండి. చేనేత గుర్తు ఉందో లేదో అడగండి. చవకగా కావలసినవారికి మరమగ్గం చీరలు అదే బల్ల మీద ఉంటాయి. ఏది ఏదో తెలిసి కొనడమే ముఖ్యం.

ఇక ఆచారి వీధి. నగలు కొనే ఉద్దేశం లేకపోయినా ఇక్కడికి రావాలి. పెద్ద నగల దుకాణాల అద్దాలు దాటి పక్క సందుల్లోకి, మేడ మెట్ల కిందికి చూపు తిప్పండి. ఇరుకు గదిలో నేల మీద నలుగురు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంటారు. ఒక్కొక్కరి ముందు మోకాలెత్తు బల్ల. ఒడిలో గుడ్డ పరిచి ఉంటుంది. ఆకురాయితో రాస్తుంటే రాలే పొడి ఒక్క రవ్వ కూడా నేల పాలు కాకూడదు. ఊదుగొట్టంతో మంటను సూదిమొనలా మలిచి గాజులకు టాకా (అతుకు) వేసే పద్ధతి చూడండి. బుగ్గ ఉబ్బి ఉంటుంది, ఊపిరి మాత్రం ఆగదు. ముక్కుతో పీలుస్తూనే నోటితో ఊదుతుంటారు. లేచేటప్పుడు గుడ్డ దులుపుతారు, చేతులు తుడుచుకుంటారు, ఆ తుడిచిన గుడ్డను కూడా దాస్తారు. గది ఊడ్చిన చెత్తకూ ధర ఉన్న వృత్తి ఇది. గుమ్మం బయట నిలబడి "చూడవచ్చా అన్నా?" అని అడగండి. వెలుతురుకు అడ్డం రాకుండా నిలబడండి. వాళ్లు మాట్లాడకపోతే మీరూ మాట్లాడవద్దు, టాకా చెడిపోతుంది.

కొనేవారైతే మూడు గుర్తులు చూసుకోండి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, స్వచ్ఛత సంఖ్య, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుతో ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ. 22 క్యారట్ల నగ మీద 916 అని ఉంటుంది. హాల్‌మార్కు నగలను హెచ్‌యూఐడీ లేకుండా అమ్మకూడదన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే నగ వివరాలు వస్తాయి. అమ్మేవారి ఎదుటే కొట్టి చూసుకోండి, మొహమాటం వద్దు. బేరం బంగారం ధర మీద నడవదు. తరుగు, మజూరీ మీద నడుస్తుంది. ఈ రెండింటినీ విడివిడిగా కాగితం మీద రాయించుకుని, పక్క దుకాణంలో అదే బరువుకు ఎంత అంటారో అడిగి రండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఆ తగ్గింపు మీకు అక్కర్లేదు.

ఒంటిగంట దాటితే నీడ పట్టున

ఇక నడవకండి. గుళ్లు మూసి ఉంటాయి, దుకాణాల్లో సగం మంది భోజనానికి వెళ్లి ఉంటారు, తారు రోడ్డు సెగలు కక్కుతుంటుంది.

భోజనం ఎక్కడ చేసినా చేపల పులుసు ఉందో లేదో ముందు కనుక్కోండి. నెల్లూరు పులుసుకు పేరు తెచ్చింది చింతపండుతో పాటు పడే పుల్ల మామిడికాయ ముక్క. మామిడికాయల కాలంలో వచ్చినవారు అదృష్టవంతులు. కొర్రమీను అయితే ముల్లు తక్కువ కాబట్టి అలవాటు లేనివారికి సులువు. బొమ్మిడాయిలు దొరికితే వదలవద్దు. ఇళ్లలో రాత్రి వండి పొద్దున తింటారు, ముక్కకు పులుసు పట్టేది అప్పుడే. హోటల్లో అది కుదరదు గానీ, "ఎప్పుడు వండారు?" అని అడగడంలో తప్పు లేదు. పొద్దున పదింటికే వండామంటే సంతోషించండి. అన్నం మాత్రం ఏ హోటల్లోనైనా సన్నగానే ఉంటుంది, ఇది వరి పండే జిల్లా. పాత తరంవారు మొలగొలుకుల బియ్యం గురించి చెప్పుకుంటూ ఉంటారు. ఇప్పుడు ఆ పంట అరుదైపోయింది.

తిన్నాక నాలుగున్నర దాకా పడుకోండి.

అయిదు నుంచి: చెరువు గట్టు, తర్వాత ట్రంకు రోడ్డు

ముందు స్వర్ణాల చెరువు. ఊరివాళ్లకు ఉత్త "చెరువు". గట్టున ఇరుకళల పరమేశ్వరి అమ్మవారి గుడి ఉంది, గణేశ్ ఘాట్ ఉంది. మరో పక్క బారాషహీద్ దర్గా, పన్నెండు మంది అమరుల సమాధులు. గుడి నుంచి దర్గాకు, దర్గా నుంచి గుడికి వెళ్లే కుటుంబాలను ఇక్కడ చూడవచ్చు. దర్గాలోకి వెళ్తే తల మీద రుమాలో, కొంగో కప్పుకోండి.

మొహర్రం రోజుల్లో వచ్చారంటే రొట్టెల పండుగ. అప్పుడు పైన చెప్పిన గడియారం అంతా పక్కన పెట్టాలి. దేశం నలుమూలల నుంచి లక్షల మంది వస్తారు. దర్గామిట్ట వైపు వాహనాలను మళ్లిస్తారు కాబట్టి ఆ రోజుల్లో కాలినడక తప్ప మార్గం లేదు. పద్ధతి ఇది: కోరిక ఉన్నవారు చెరువు నీళ్లలో దిగి, ఆ కోరిక తీరినవారి చేతి నుంచి రొట్టె తీసుకుని తినాలి. తమ కోరిక తీరాక మరో ఏడాది వచ్చి, రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె... నీళ్లలో నిలబడి ఎవరి చేతిలో ఏ రొట్టె ఉందో కేకలు వేసి చెబుతుంటారు. తమకు కావలసిన రొట్టె కోసం జనం మోకాలి లోతు నీళ్లలో వెతుక్కుంటూ తిరుగుతారు. కులమూ మతమూ అడిగేవారు లేరు. ఉత్సాహం కొద్దీ కనిపించిన రొట్టెనల్లా తీసుకోకండి, తీసుకుంటే తిరిగి ఇవ్వవలసిన బాధ్యత ఉంటుంది. చిన్నపిల్లలతో వస్తే ఫోను నంబరు చీటీ రాసి జేబులో పెట్టండి. ఇంగ్లీషు క్యాలెండరు ప్రకారం ఈ పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది, కాబట్టి పోయిన ఏడాది తేదీని నమ్ముకుని టికెట్లు చేయించుకోకండి.

మామూలు రోజైతే పొద్దు గుంకగానే గట్టు దిగి ఊళ్లోకి రండి. దీపాలు పెట్టాక ట్రంకు రోడ్డు మీదికి చేరాలి. మద్రాసు, కలకత్తాల మధ్య పెద్ద రోడ్డు ఒకప్పుడు ఊరి నడిబొడ్డు గుండా ఇలాగే పోయేది. జాతీయ రహదారి బైపాసుకు తరలిపోయాక లారీల పీడ వదిలి, రోడ్డు మొత్తం బజారు చేతికి చిక్కింది. వి.ఆర్.సి. సెంటర్ నుంచి గాంధీబొమ్మ వైపు ఒక పక్కనుంచి వెళ్లి, మరో పక్కనుంచి తిరిగి రండి. మధ్యలో అటూ ఇటూ దాటవద్దు. దాటక తప్పకపోతే చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి ఎవరైనా దాటుతున్నారేమో చూసి, ఆమె పక్కన అడుగు కలపండి. నెల్లూరులో ఆటోలు ఆగేది ఆమెకు మాత్రమే.

రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరం దగ్గరికి వెళ్లి బోర్డు చూడండి. జనం టౌన్‌హాలు అంటారు. పద్యనాటకమో, సంగీత సభో, పుస్తకావిష్కరణో ఏదో ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. పద్యనాటకం అయితే వెనక వరుసలో కూర్చోండి. రాగం తీస్తుండగా "వన్స్ మోర్" అని అరిచే పెద్దమనుషులు ఆ వరుసలోనే ఉంటారు, నాటకం కన్నా వాళ్ల వ్యాఖ్యానం బాగుంటుంది.

రోడ్డు పక్క బండ్ల మీద పులిబొంగరాలు వేడివేడిగా దిగేది ఈ వేళకే. పులిసిన దోసె పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి నూనెలో వదిలితే గుండ్రంగా పొంగుతాయి. లోపల మెత్తగా, కొంచెం పుల్లగా ఉండాలి. పులుపు లేకపోతే అవి ఉత్త బోండాలు. చిల్లర దగ్గర పెట్టుకోండి. ఫోనులో కట్టే సదుపాయం బండి మీద కూడా ఉంటుంది గానీ, రద్దీ వేళ ఇద్దరి ఫోన్లూ మొరాయిస్తే బొంగరాలు చల్లారిపోతాయి.

ఇంకా ఓపిక ఉంటే

స్టోన్‌హౌస్‌పేటను మరో ఉదయానికి ఉంచుకోండి. కిరాణా, పప్పుల టోకు వ్యాపారం అక్కడ. బస్తాలు దించే వేళ నడవడానికి చోటుండదు, చూడటానికి మాత్రం అదే వేళ. దసరాల్లో అయితే అక్కడి కన్యకా పరమేశ్వరి అమ్మవారి అలంకారం చూడవలసిందే. 2021లో 5.16 కోట్ల రూపాయల నోట్లతో అలంకరించారు. భక్తి సంగతి ఎలా ఉన్నా, అన్ని నోట్లను పూలుగా, దండలుగా మడిచిన చేతుల ఓపికకు దండం పెట్టాలి. కూరగాయలు, చేపల ధరల మీద ఆసక్తి ఉన్నవారు తెల్లవారే ఫతేఖాన్‌పేట రైతుబజారుకు వెళ్లవచ్చు.

ఊరికి తీసుకెళ్లడానికి మలైకాజా కొనండి. కొనే ముందు ఒకటి రుచి చూపించమని అడగండి. పొర విరిగినప్పుడు లోపలి కోవా తడిగా ఉండాలి, పాకం వేళ్లకు అంటాలి. పొడిపొడిగా ఉంటే నిన్నటిది. కోవా స్వీటు కాబట్టి కొన్న రోజూ, మర్నాడూ తినేయాలి. ఎండాకాలంలో అంత సమయం కూడా ఇవ్వకండి. రాత్రి రైలు ఉన్నవారు స్టేషనుకు బయలుదేరే ముందు చివరి పనిగా దీన్ని పెట్టుకోండి. అట్టపెట్టెకు దారం కట్టించి, నిలువుగా కాకుండా అడ్డంగా పట్టుకోండి. లేకపోతే పాకం కారి చొక్కాకు అంటుతుంది. వానపడుతుంటే మాత్రం అండర్ బ్రిడ్జి పరిస్థితి ఎలా ఉందో ఆటో డ్రైవరును ముందే అడిగి, రైలు వేళకు అరగంట అదనంగా చూసుకుని కదలండి.